టీ కొట్టు దగ్గర గెలిచారు.. జీడీలో ఎందుకు ఓడారు?

మణిశర్మ ఆల్బమ్‌లలో రావాల్సినంత పేరు రానిది ఏది? ఈ ఒక్క ప్రశ్న మీద గంటసేపు వాదించగలిగితే గ్రూప్ డిస్కషన్‌కు మీరు సగం సిద్ధమైనట్టే. మిగతా సగం ఏమిటో చూద్దాం!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి వచ్చి, కరీంనగర్‌లో ఒకే రూమ్‌లో ఉంటూ ఉద్యోగాలకు ప్రిపేర్ అవుతున్న ముగ్గురు దోస్తుల్ని ఊహించుకోండి. వాళ్లలో ఒకరు మీరే అనుకున్నా ఫర్వాలేదు. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఎవరి ఫోన్‌లోనో మణిశర్మ పాట మోగింది. అంతే, పంచాయితీ మొదలు.

‘మణిశర్మ ఆల్బమ్స్‌ల అండర్‌రేటెడ్ అంటే ఖలేజానే రా. ఇంకో మాట లేదు’ అన్నాడు జగిత్యాల దోస్తు.

‘ఖలేజాను మర్చిపోయిందెవడు? గుడుంబా శంకర్ గురించి మాట్లాడరేంది? సినిమా పోయింది, పాటలు ఎంత మంచిగుంటయ్!’ కోరుట్ల దోస్తు అడ్డం తగిలాడు.

సిరిసిల్ల దోస్తు టీ గ్లాసు పక్కన పెట్టాడు. ‘మీ ఇద్దరూ 2001 సంక్రాంతి సంగతి మర్చిపోయిన్రు. మృగరాజు విన్నరా ఎప్పుడన్నా, మొత్తం?’

గంట గడిచింది. రెండో టీ కూడా అయిపోయింది. ఎవరూ తగ్గలేదు.

మర్నాడు పొద్దున క్యాంపస్ డ్రైవ్. రాత పరీక్ష ముగ్గురూ దాటారు. గ్రూప్ డిస్కషన్‌లో ‘సోషల్ మీడియా యువతకు మేలా, కీడా?’ అనే మామూలు టాపిక్ ఇచ్చారు. జగిత్యాల దోస్తు నోరు విప్పలేదు. సిరిసిల్ల దోస్తు ‘ఐ అగ్రీ’ అని ఆగిపోయాడు. కోరుట్ల దోస్తు మాట్లాడాడు గానీ, పక్కవాళ్లను మాట్లాడనివ్వలేదు. సాయంత్రం వచ్చిన లిస్టులో ముగ్గురి పేర్లూ లేవు.

‘మనకు ఇంగ్లిష్ రాదురా, అందుకే’ అనుకుంటూ రూమ్‌కు తిరిగొచ్చారు. అది కొంతవరకే నిజం. రాత్రి టీ కొట్టు దగ్గర చేసిన పనినే పొద్దున చేయమన్నారని ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. అసలు నష్టం అక్కడే జరిగింది.

మాటకు అర్థం తేల్చండి

అండర్‌రేటెడ్ అంటే ఏమిటి? ఆడనిదా? ఎవరికీ తెలియనిదా? మీకు బాగా నచ్చినదా? ముగ్గురూ ఒకే మాట వాడుతున్నారు, కానీ తలా ఒక అర్థంతో.

ఆ మాటలో రెండు కొలతలున్నాయి. ఒకటి విలువ, రెండోది గుర్తింపు. విలువ ఎక్కువై, గుర్తింపు తక్కువైతేనే అండర్‌రేటెడ్. ఈ కొలతతో కోరుట్ల దోస్తు మాట చూడండి. ‘గుడుంబా శంకర్’ 2004లో వచ్చింది. సినిమా నిరాశపరిచింది, నిజమే. కానీ పాటలు అప్పుడే జనంలోకి వెళ్లాయి. అంటే గుర్తింపు దక్కనిది సినిమాకు, ఆల్బమ్‌కు కాదు. ఆడని సినిమాలోని హిట్ ఆల్బమ్‌ను అండర్‌రేటెడ్ అనలేం.

జీడీలో కూడా చాలామంది మొదటి నిమిషంలోనే ‘మేలు’ అనో ‘కీడు’ అనో ఒక పక్షం పట్టేస్తారు. మీరు ఆ తొందర పడకండి. ‘సోషల్ మీడియా అంటే మనం దేని గురించి మాట్లాడుతున్నాం? చదువుకా, వ్యాపారానికా, కాలక్షేపానికా?’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో చర్చకు దారి పడుతుంది. దారి వేసిన అభ్యర్థి పరిశీలకుడికి గుర్తుంటాడు.

ఎప్పటి మాటో చెప్పండి

జగిత్యాల దోస్తు వాదనలో బలం ఉంది. త్రివిక్రమ్ దర్శకత్వంలో మహేష్‌బాబు నటించిన ‘ఖలేజా’ 2010 అక్టోబరులో విడుదలైనప్పుడు ఆడలేదు. తర్వాత టీవీలో వస్తూ వస్తూ అభిమానుల్ని సంపాదించుకుంది. 2025 మే 30న మళ్లీ విడుదల చేస్తే జనం థియేటర్లకు పోటెత్తారు.

మరి ఇప్పుడు ఖలేజా అండర్‌రేటెడేనా? 2010లో అయితే అవును. 2025 తర్వాత ఆ మాట అనడం కష్టం. రెండు జవాబులూ సరైనవే, కాలమే వేరు. ‘ఆ రోజుల్లో’ అన్న ఒక్క పదం చేర్చి ఉంటే అతని వాదనను ఎవరూ పడగొట్టలేకపోయేవారు.

మీరు జీడీలో ‘ఆన్‌లైన్ క్లాసులతో లాభం లేదు’ అన్నారనుకోండి. కరోనా రోజుల గురించా, ఇప్పటి గురించా? పల్లెలోనా, పట్నంలోనా? కాలం, చోటు చెప్పని మాటను ఎదుటివాళ్లు ఒక్క ఉదాహరణతో కొట్టేస్తారు.

కారణం చూపించండి

ఇక సిరిసిల్ల దోస్తు. ముగ్గురిలో అసలైన జీడీ అభ్యర్థి ఇతనే, తనకే తెలియదు. ఎందుకంటే ‘బాగుంటది’ దగ్గర ఆగిపోకుండా, పేరు ఎందుకు రాలేదో చెప్పాడు.

2001 సంక్రాంతికి మూడు పెద్ద సినిమాలు వచ్చాయి. బాలకృష్ణ ‘నరసింహనాయుడు’, చిరంజీవి ‘మృగరాజు’, వెంకటేష్ ‘దేవీపుత్రుడు’. మూడింటికీ సంగీతం మణిశర్మే! నరసింహనాయుడు ఘన విజయం సాధించింది. మిగతా రెండూ ఆడలేదు. ఫిబ్రవరిలో ‘మురారి’, ఏప్రిల్‌లో ‘ఖుషి’ వచ్చేశాయి. ఆ రెండింటి పాటల గురించి వేరే చెప్పక్కర్లేదు. నాలుగు నెలల్లో ఒకే సంగీత దర్శకుడివి ఐదు ఆల్బమ్‌లు. మణిశర్మ పాటలకు మణిశర్మ పాటలే పోటీ. అవి క్యాసెట్ల రోజులు. సినిమా థియేటర్ నుంచి వెళ్లిపోతే పాటలు కూడా మెల్లగా వెనక్కి పోయేవి. ఇప్పటిలా యూట్యూబ్‌లో వెతుక్కుని వినే వీలు లేదు.

గమనించారా? ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. తేదీలు, పేర్లు, ఒక కారణం, అంతే. అయినా వినేవాళ్లు తలూపుతారు. జీడీలో ‘నా ఉద్దేశంలో’ అని మూడుసార్లు అనేకంటే, గట్టిగా తెలిసిన ఒక్క వాస్తవం చెప్పి, దాని నుంచి కారణం లాగితే ఎక్కువ పని జరుగుతుంది.

తెలియనిది మాత్రం చెప్పకండి. ‘సైనికుడు కూడా మణిశర్మదే కదా’ అని ఎవరైనా అన్నారనుకోండి. ఆ 2006 సినిమాకు సంగీతం హ్యారిస్ జయరాజ్. ఒక్క తప్పు దొరికితే మీరు చెప్పిన మిగతా నిజాల్ని కూడా అనుమానిస్తారు.

ఒప్పుకోవడం ఓటమి కాదు

సిరిసిల్ల దోస్తుకు కూడా ఒక చిక్కుంది. మృగరాజులో చిరంజీవి స్వయంగా పాడిన చాయ్ పాట ఉంది. అది చాలామందికి తెలుసు. ‘మరి మృగరాజును మర్చిపోయారని ఎట్లంటవ్‌రా?’ అని కోరుట్ల దోస్తు నిలదీశాడు.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి గొంతు పెంచడం. రెండోది ఇలా అనడం: ‘నిజమే, ఆ పాట అందరికీ తెలుసు. కానీ ఒక పాట తెలియడం వేరు, ఆల్బమ్ తెలియడం వేరు. అయినా నీ మాట లెక్కలోకి తీసుకుంటే నా ఓటు మృగరాజు నుంచి దేవీపుత్రుడికి మారుస్త. ఆ సంక్రాంతి మూడింటిల అసలు ఎవరూ మాట్లాడనిది అదే.’

ఇతను ఓడిపోయాడా? లేదు. ఎదుటివాడి మాటలో నిజాన్ని తీసుకుని తన వాదనను ఇంకా గట్టి చేసుకున్నాడు. ఇక దేవీపుత్రుడి పాటలకు విలువ ఉందని నిరూపించాలి. పేరు రాలేదన్నది ఒక్కటే చాలదు, పాటలు కూడా నిలవాలి కదా. దానికి ఫోన్ తీసి ఆల్బమ్ మొత్తం వినిపించాల్సిందే.

చాలా జీడీల్లో పరిశీలకులు చూసేది సరిగ్గా ఇదే. ఎదుటివాళ్లు చెప్పింది విన్నారా? విన్నదాన్ని వాడుకున్నారా? ఎవరు ఎక్కువసేపు మాట్లాడారన్నది తర్వాతి సంగతి. మన కోరుట్ల దోస్తు లిస్టులో లేకపోవడానికి కారణం అదే.

హీరోను పక్కన పెట్టి చూడండి

ఇంకో చిన్న పరీక్ష. ఖలేజా అన్న దోస్తు మహేష్ ఫ్యాన్. గుడుంబా శంకర్ అన్న దోస్తు పవన్‌కల్యాణ్ ఫ్యాన్. మృగరాజు ఎవరి సినిమానో తెలిసిందే. మరి వీళ్లు వాదిస్తున్నది మణిశర్మ గురించా, హీరో గురించా?

అందుకే మిమ్మల్ని మీరు అడగండి: ‘ఇదే ఆల్బమ్ ఇంకో హీరో సినిమాలో ఉంటే నేను ఇంతే గట్టిగా చెప్పేవాడినా?’ జీడీలో హీరో స్థానంలో మీ కులం, ఊరు, పార్టీ, బ్రాంచి ఉంటాయి. ‘మా సీఎస్‌ఈ వాళ్లకే..’ అని మొదలుపెట్టే ముందు ఈ ప్రశ్న ఒక్కసారి గుర్తుచేసుకోండి.

పాట నుంచి సాంచా దాకా

ఇదంతా సినిమాలకే పనికొస్తుందా? సిరిసిల్ల టాపిక్‌నే తీసుకుందాం. ‘ప్రభుత్వ ఆర్డర్ల మీద ఆధారపడటం మరమగ్గాల పరిశ్రమకు మంచిదేనా?’

మొదట మాటకు అర్థం. ఆధారపడటం అంటే పని మొత్తం అక్కడి నుంచే రావడమా, కొంత రావడమా? తర్వాత కాలం. బతుకమ్మ చీరల పంపిణీ 2017లో మొదలైంది. దానికి ముందు ఎలా ఉంది, ఆర్డర్లు ఉన్నప్పుడు ఎలా ఉంది, లేనప్పుడు ఎలా ఉంది? ఆ తర్వాత విడదీయడం. పాట వేరు, ఆల్బమ్ వేరు అనుకున్నట్టే, ఇక్కడ సాంచాల యజమాని వేరు, ఆసామి వేరు, కూలికి నడిపే కార్మికుడు వేరు. ఒకరికి మేలైంది ఇంకొకరికి కాకపోవచ్చు. ఇంట్లో సాంచాల చప్పుడు వింటూ పెరిగినవాళ్లకు ఈ తేడా పుస్తకం చూడకుండానే తెలుసు. హైదరాబాద్ అభ్యర్థి దగ్గర లేని సరుకు ఇది.

జగిత్యాల, కోరుట్ల వాళ్లకు గల్ఫ్ వలస అలాంటి టాపిక్. వెళ్లిన మనిషి ఒకరు, డబ్బు అందుకునే ఇల్లు ఒకటి, అప్పు ఇచ్చినవారు ఇంకొకరు. ముగ్గురి లెక్కలూ వేరు. మీ వీధిలోనే ఉదాహరణలుంటాయి.

ఆలోచన తెలుగులో, మాట ఇంగ్లిష్‌లో

ఇక ఇంగ్లిష్. భయం నిజమే, కానీ జీడీకి కావాల్సింది షేక్‌స్పియర్ ఇంగ్లిష్ కాదు. ఐదారు వాక్యాలు నోటికి వచ్చేలా చేసుకుంటే చర్చలోకి దిగొచ్చు. ‘వాట్ డు వీ మీన్ బై దిస్?’ అర్థం తేల్చడానికి. ‘ఐ అగ్రీ విత్ యువర్ పాయింట్, బట్ దేర్ ఈజ్ అనదర్ సైడ్’ ఒప్పుకుని ముందుకెళ్లడానికి. ‘లెట్ మి గివ్ యాన్ ఎగ్జాంపుల్’ వాస్తవం చెప్పడానికి. ‘వీ హావ్ నాట్ హర్డ్ ఫ్రమ్ హర్’ మాట్లాడని అమ్మాయికి అవకాశం ఇవ్వడానికి. ఈ చివరి వాక్యం వాడేవాళ్లు తక్కువ. అందుకే వాడినవాళ్లు కనిపిస్తారు.

‘నాకు ప్రభుత్వ ఉద్యోగమే కావాలి, జీడీ ఎందుకు?’ అంటారా? ఇటీవలి ఎస్‌బీఐ పీవో నోటిఫికేషన్లే చూడండి. చివరి దశలో ఇంటర్వ్యూకు 30 మార్కులుంటే, గ్రూప్ ఎక్సర్‌సైజ్‌కు 20 మార్కులున్నాయి.

ఈ వారం ఇలా చేయండి

- మొదటి రోజు: ముగ్గురు నలుగురు దోస్తులు కూర్చోండి. ఒక సంగీత దర్శకుణ్ని ఎంచుకోండి. మిక్కీ జె మేయర్, చక్రి, రమణ గోగుల, ఎవరైనా సరే. ఏఆర్ రెహమాన్ అయితే ‘నాని’, ‘కొమరం పులి’ లాంటి నేరు తెలుగు సినిమాలే లెక్క అని ముందే ఒప్పందం చేసుకోండి. ‘అండర్‌రేటెడ్ ఆల్బమ్ ఏది?’ అని తెలుగులోనే పదిహేను నిమిషాలు వాదించండి. ఫోన్‌లో రికార్డు చేయండి.
- రెండో రోజు: రికార్డింగ్ వినండి. ఎన్నిసార్లు ఎదుటివాళ్ల మాట మధ్యలో తుంచారో గీతలు పెట్టి లెక్కించండి. ఎన్ని వాస్తవాలు చెప్పారో, వాటిలో ఎన్ని తప్పో చూడండి.
- మూడో రోజు: మీ వాదనను ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాల్లో రాయండి. పెద్ద మాటలొద్దు.
- నాలుగో రోజు: అదే టాపిక్, అదే దోస్తులు, ఈసారి ఇంగ్లిష్‌లో. టాపిక్ కొత్తది కాదు కాబట్టి బుర్ర మొత్తం భాష మీదే పెట్టొచ్చు.
- ఐదో రోజు: పక్షాలు మార్చుకోండి. ఖలేజా అన్నవాళ్లు దేవీపుత్రుడి తరఫున మాట్లాడాలి.
- ఆరో రోజు: మీ ఊరి టాపిక్ ఒకటి తీసుకుని ఇవే మెట్లు ఎక్కండి.

ఇంకొక్క మాట. ‘నాకు తెలుసు గానీ చెప్పలేకపోయిన’ అని జీడీ నుంచి బయటికొచ్చిన ప్రతి అభ్యర్థీ అంటాడు. తెలిసి ఉండొచ్చు. కానీ లోపలున్నవాళ్లు మీరు మాట్లాడిందే మార్కుల్లో వేయగలరు. మృగరాజు, దేవీపుత్రుడు పాటల కోసం ఇరవై ఏళ్లు దాటినా ఎవరో ఒకరు టీ కొట్టు దగ్గర వాదిస్తున్నారంటే, అవి విడుదలయ్యాయి కాబట్టే. విడుదల కాని ఆల్బమ్ గురించి ఎవరూ అండర్‌రేటెడ్ అని వాదించరు. వచ్చే డ్రైవ్‌లో కనీసం రెండుసార్లు నోరు విప్పండి. మొదటిసారి అర్థం తేల్చడానికి, రెండోసారి ఒక నిజం చెప్పడానికి.