తాతగారి రివాల్వర్‌ని తోమకండి!

పాత ఇంట్లో అటక దులిపితే ఏం దొరుకుతాయి? కంచు మరచెంబు, చిలుం పట్టిన దీపపు సెమ్మె, తాళంచెవి పోయిన ట్రంకుపెట్టె. మా కొనకనమిట్ల వైపు ఏ ఇల్లాలైనా వెంటనే చింతపండు, బూడిద పట్టుకుని కూచుంటుంది. కానీ ఆ పెట్టెలో పాత రివాల్వర్ కనబడితే మాత్రం చెయ్యి ఆగాలి.

తూటాల గుండ్రటి సిలిండర్ గిర్రున తిరిగే తుపాకీ అది. అమెరికాలో శామ్యూల్ కోల్ట్ తన రివాల్వర్‌కి 1836లో పేటెంట్ తీసుకున్నాడు. ప్రాణం తీసే వస్తువుకి పూలతీగల నగిషీ ఏమిటో, విడ్డూరం! గుస్తావ్ యంగ్ వంటి పనివాళ్లు ఉక్కు మీద ఉలితో ఆకులూ తీగలూ చెక్కారు. మార్కాపురం పలక మీద బలపంతో గీసినంత సులువా అది?

కోల్ట్ 1851 నేవీ రివాల్వర్ సిలిండర్ మీద ఓడల యుద్ధం బొమ్మ ఉంటుంది. అది అచ్చుతో ఒత్తింది, వేలకొద్దీ వచ్చాయి. చేత్తో చెక్కినవి కొన్నే. మచిలీపట్నం అద్దకానికీ, శ్రీకాళహస్తి కలం పనికీ ఉన్న తేడా అన్నమాట. సేకర్తలు ఎగబడేది ఆ కొన్నింటికే. వాళ్లకి తళతళలు అక్కర్లేదు, కాలం పట్టించిన ఆ మాసిన రంగే కావాలి. తోమితే గీతలు అరిగి, విలువ కాస్తా పోతుంది. పాత తుపాకీకి కొత్త నగిషీ చెక్కి అంటగట్టేవాళ్లూ లేకపోలేదు.

విలువ సరే, చట్టం మాటేమిటి? లైసెన్సు తాతగారి పేరునో, ఆయన పేరునో ఉంటుంది. వాళ్లు పోయాక ఆ లైసెన్సు మనది కాదు, పెట్టెలో తుపాకీ మాత్రం మన నెత్తిన పడుతుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఉంచుకోవడం నేరం. మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధానికే మినహాయింపు. అది పేలుతుందో లేదో తేల్చాల్సింది మనం కాదు. పాత సామాన్లవాడికి తూకానికి వేయడం అసలే తగదు. నూరేళ్లు దాటిన పురావస్తువైతే, 1972 చట్టం ప్రకారం విదేశాలకు పంపే హక్కు మనకు లేదు.

కాబట్టి ట్రిగ్గర్ ముట్టకండి, లోపల తూటా ఉండొచ్చు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. దాన్ని కదపకుండా పోలీస్ స్టేషన్‌లో చెప్పండి, పాత లైసెన్సు కాగితం దొరికితే చూపించండి. పాత ఆయుధాల అందం చూడాలనుందా? మూడో సాలార్‌జంగ్ సేకరించిన వస్తువులతో 1951లో తెరిచిన హైదరాబాద్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. అద్దాల వెనక ఉన్నంతసేపూ ఆ అందానికి భయం లేదు, మనకూ లేదు.