ఫోన్ ‘వచ్చాడు’, బస్సు ‘వచ్చింది’

బార్డోలీ అనగానే మనకు గుర్తొచ్చేది 1928 సత్యాగ్రహం, వల్లభ్‌భాయ్ పటేల్. మరమగ్గాల పనికి సూరత్ వెళ్లి అక్కడే స్థిరపడ్డ మన పద్మశాలీలకు మాత్రం అది బస్సెక్కి వెళ్లొచ్చే పక్క ఊరు. ఆ బస్టాండులో నిలబడ్డ మనవాడికి గుజరాతీ వ్యాకరణం వచ్చా, రాదా?

గుజరాతీలో లింగాలు మూడు. బస్సు స్త్రీలింగం, ‘బస్ ఆవీ’. అక్కకూ బస్సుకూ ఒకే ‘వచ్చింది’ వాడే మనకు ఇది శ్రమ లేకుండానే అబ్బుతుంది. తంటా అంతా ఫోన్‌తోనే. అది పుంలింగం, ‘ఫోన్ ఆవ్యో’ అనాలి. ఫోన్ వచ్చాడన్నమాట! ఖాళీలు పూరించమంటే మనవాడు కాస్త ఆలోచించి ‘ఆవ్యో’ అనే రాస్తాడు. ఇంటి నుంచి ఫోన్ వచ్చిందనీ, మాట్లాడుతుంటే బస్సు వెళ్లిపోయిందనీ పక్కవాడికి గబగబా చెప్పేటప్పుడు మాత్రం ‘ఫోన్ ఆవీ’ అని నోరు జారొచ్చు. శ్రద్ధకు ఒక హద్దుంది, ధారాళంగా మాట్లాడటానికి ఖర్చయితే తప్పులు చూసుకోవడానికి మిగలదు అంటారు భాషాబోధన పరిశోధకుడు పీటర్ స్కీహన్.

అయితే పరీక్షలో ఒప్పు, మాటల్లో తప్పు అని తేల్చేస్తే పప్పులో కాలేసినట్టే. అమెరికాలో ఎలైన్ టరోన్ 1985లో ప్రచురించిన అధ్యయనం చూడండి. ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పదిమంది అరబ్బులకూ పదిమంది జపనీయులకూ ఆమె ఒక వ్యాకరణ పరీక్ష పెట్టారు, ఇంటర్వ్యూ చేశారు, కథ చెప్పించారు. ‘షి వర్క్స్’లో చివరి ‘స్’ పరీక్షలో బాగా కుదిరింది, కథలో ఎగిరిపోయింది. మనల్ని కూడా ఏడిపించే ‘ఎ’, ‘ద’లు మాత్రం తలకిందులు: కథలోనే మెరుగు. ‘స్’ పోయినా కథ ఆగదు. ఏ మనిషి, ఏ వస్తువు అన్నది తేలకపోతే వినేవాడు దారి తప్పుతాడు. టరోన్ ఇచ్చిన ఈ వివరణ నాకు సబబుగా తోస్తుంది.

ఏం అడిగారన్నదాన్ని బట్టి ఫలితం మారడం మన దక్షిణాదిలోనూ కనిపించింది. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బడిపిల్లలకు ఇంగ్లిష్ నేర్పే బెంగళూరు ప్రాజెక్టు నడిపారు. వ్యాకరణ పాఠాలు పక్కనపెట్టి, పిల్లల చేతికి రైళ్ల టైంటేబుల్, పటం ఇచ్చి లెక్క తేల్చమనేవారు. తర్వాత బెరెట్టా, డేవిస్ అనే పరిశోధకులు వచ్చి ఆ పిల్లలనూ, మామూలు పద్ధతిలో చదివినవాళ్లనూ రకరకాల పరీక్షలతో పోల్చారు. వాక్యనిర్మాణం అడిగిన పరీక్షలో మామూలు తరగతులది పైచేయి, పనులిచ్చిన పరీక్షలో ప్రభు తరగతుల పిల్లలది.