పంక్తిలో కూర్చోబెట్టిన పండుగ

దీపావళి వచ్చిందంటే షోలాపూరు తూర్పు వాడల్లో వారం రోజుల సందడి. తరాల క్రిందట మగ్గాన్ని నమ్ముకొని తెలంగాణమునుండి వచ్చిన మన పద్మశాలి కుటుంబాలు మరాఠీ సోదరుల పండుగ తీరును తమ తీరుతో కలుపుకొన్నవి. గుమ్మానికి ఆకాశకందిలు, వాకిట పిల్లలు మట్టితో కట్టే కోట, నరకచతుర్దశి వేకువజామున తలంటు, ఇంటింటా చకిలీలు, కజ్జికాయలు, చివడా, రవలడ్లు. ఈ వంటల వాసన గోడ దాటి పక్కింటికి పోతుంది. మూకుడు పెట్టలేని ఇంటికీ పోతుంది. అక్కడి పిల్లల ముఖాలు చూచినవారికి ఆ బాధ తెలుసు.

మగ్గం ఆగిన ఇళ్ళకు, మగదిక్కు లేని ఇళ్ళకు మన వాడల్లో బీడీయే ఆధారం. తునికాకు నానబెట్టి, కొలతకు కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారం కట్టాలి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. చేతులు ఆగితే కూలి ఆగుతుంది. 2022 దీపావళికి మహారాష్ట్ర ప్రభుత్వం రేషను దుకాణాల ద్వారా నూరు రూపాయలకు రవ్వ, శనగపప్పు, పంచదార కిలో చొప్పున, పామాయిలు ఒక లీటరు ఇప్పించింది. మంచి పనే. కాని చకిలీల పిండి కలిపి, వత్తి, వేయించడానికి ఒక పూట కావాలి గదా! ఆ పూట కూలి ఎవరిస్తారు?

ఆ సంవత్సరమే మా వాడ యువకులు, కాలేజీ విద్యార్థులూ పవర్లూమ్ పనివారూ కలిసి, లేని కుటుంబాలకు పండుగ విందు చేయాలని పూనుకొన్నారు. చందాలు పోగుచేశారు. కచేరీలో లెక్కలు వ్రాసేవాణ్ణి గనుక పుస్తకం నాకు అప్పగించారు. ఆ సాయంకాలం మైకులో పేర్లు పిలిచారు. ఆడవాళ్ళు వరుసగా వచ్చి మిఠాయి పొట్లాలు అందుకొన్నారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఫొటో. అరగంటలో అంతా ముగిసింది. నేనూ చప్పట్లు కొట్టాను.

రాత్రి ఒక అవ్వ పొట్లం విప్పకుండానే తెచ్చి మా కుర్రవాళ్ళ ముందు పెట్టింది. "బిడ్డా, పొట్లం మంచిగనే ఉన్నది. కని పేరు పిలిచి, నిలవెట్టి, ఫొటో తీస్తిరి. రేపు మా మనుమడు బడికి పోతె ఆ ఫొటో చూసి పిల్లలేమంటరు? పండుగకు పిలిస్తె వస్తం. పంచుడుకు పిలిస్తె రాం" అన్నది. ఎవరికీ నోట మాట రాలేదు.

మరుసటి సంవత్సరం, 2023లో, కుర్రవాళ్ళు చందా పుస్తకం పట్టుకోకముందే ఆ అవ్వ ఇంటికి వెళ్ళి, "ఎట్లా చేద్దామవ్వా?" అని అడిగారు. ఆమె చెప్పినట్టే చేశారు. ఆడపిల్లలు వాడలోని ప్రతి ఇంటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచారు. ఉన్నవారినీ లేనివారినీ ఒకే మాటతో పిలిచారు. చందా ఇచ్చినవారి పేర్లు చదవరాదు, ఫొటోలు తీయరాదు అని నిర్ణయించారు.

ఫలహారాలు రెండు రాత్రులు అందరూ కలిసి చేశారు. చకిలీలు వత్తడంలో బీడీ చుట్టే చేతులకు సాటి ఎవరు? అవ్వలూ అక్కలూ మూకుళ్ళ దగ్గర కూర్చుంటే, వారి మరునాటి పని వెనుకబడకుండా కుర్రవాళ్ళు కత్తెరలు పట్టి తునికాకు కత్తిరించారు. చాలా ఆకు పాడుచేశారు. తిట్లు తిన్నారు. పాడైన ఆకు ఖరీదు నేను ఖర్చులో వ్రాశాను. నా ఉద్యోగంలో అటువంటి పద్దు మునుపెన్నడూ వ్రాసి ఎరుగను.

నరకచతుర్దశికి ముందటి సాయంకాలం విస్తళ్ళు పరిచారు. పులిహోర, పప్పు, భక్ష్యాలు. పవర్లూము యజమాని పక్కన బీడీ కార్మికురాలు, ఆమె పక్కన మా ఇంటావిడ. వడ్డన పెత్తనమంతా ఆ అవ్వదే. "ఇంకొకటి తిను బిడ్డా, సిగ్గుపడకు" అని యజమానినే గదమాయించింది. వెళ్ళేటప్పుడు ప్రతి ఇంటివారూ తాము తెచ్చుకొన్న డబ్బాలో ఒకే కొలత ఫలహారం తీసుకుపోయారు. ఎవరు ఇచ్చినవారో ఎవరు పుచ్చుకొన్నవారో చూచేవారికి తెలియలేదు.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. పేరు చదవలేదని ఒక పెద్దమనిషి అలిగి, ఇస్తానన్న సొమ్ములో సగమే ఇచ్చారు. లోటు పడింది. కుర్రవాళ్ళు తలా కొంత వేసుకొని పూడ్చారు. ఆ మాట కూడా పుస్తకంలో ఉన్నది.

ఇతర ఊళ్ళలోని మన సంఘాల యువకులకు నా మనవి. ఈ దీపావళికి మీరూ పూనుకోండి. చందాలకు బయలుదేరేముందు, మీ వాడలో పండుగ చేసుకోలేని ఒక ఇంటి పెద్దను సలహా అడగండి. పని కూడా అప్పగించండి. పొయ్యి వెలిగించేది వారే అయినప్పుడు విందు వారిదే అవుతుంది. అన్నట్టు, తునికాకు కత్తిరించడం ముందుగానే నేర్చుకొనండి. ఖర్చు తగ్గుతుంది.