చదరంగపు గళ్ల సంఖ్య: పడుగు పోగుల లెక్క, పద్యపాఠ నిర్ధారణ

ఉపోద్ఘాతం: మహావీరాచార్యుని ‘గణితసారసంగ్రహా’న్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన ఒక చంపకమాల, చదరంగపు 64 గళ్లలో ఒకటితో మొదలుపెట్టి గడిగడికీ రెట్టింపు చేసుకుంటూ పోతే వచ్చే మొత్తాన్ని చెబుతుంది. ఆ మొత్తం 18446744073709551615. అంటే 2⁶⁴ − 1. ఇటువంటి సంఖ్యాపద్యాల పాఠాన్ని సరిచూడడానికి ఆ సంఖ్య ధర్మాలే ఎలా ఉపకరిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

మొత్తం ఎలా వస్తుంది?: పత్తికి ఆదోని, చేనేతకు ఎమ్మిగనూరు పేరొందిన పశ్చిమ కర్నూలు ప్రాంతంలో మగ్గాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. 64 పడుగు పోగులు ఉన్నాయనుకుందాం. పేక ఒకసారి సాగేటప్పుడు ప్రతి పోగూ పైకి లేవవచ్చు, లేదా కిందనే ఉండవచ్చు. కాబట్టి మొత్తం 2⁶⁴ విధాలు. ఒక్క పోగూ లేవని విధాన్ని తీసివేస్తే 2⁶⁴ − 1. వీటినే, లేచిన పోగులలో చివరిది ఏదన్న దానిని బట్టి విభజిద్దాం. చివరిది మొదటి పోగే అయితే 1 విధం, రెండవదైతే 2, మూడవదైతే 4. ఇవే వరుసగా చదరంగపు గళ్ల విలువలు. అందువల్ల రెండు మొత్తాలూ ఒకటే.

కారణాంకాలు: వర్గాల భేద సూత్రాన్ని పదేపదే ప్రయోగిస్తే ఈ సంఖ్య 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297 అవుతుంది. చివరిదైన 2³² + 1 ప్రధాన సంఖ్య అని ఫెర్మా భావించాడు. అది 641 × 6700417 అని 1732లో ఆయిలర్ చూపాడు. కాబట్టి ప్రధాన కారణాంకాలు ఏడు. ఏదీ పునరావృతం కాదు. భాజకాలు 2⁷, అంటే 128.

పాఠ పరీక్ష: పద్యంలో అంకెలు భూతసంఖ్యలుగా, ఒకట్ల స్థానం నుండి ఎడమకు సాగుతాయి. ‘అబ్ధి’, ‘పయోనిధి’ వంటి సముద్రవాచకాలకు 4 ప్రసిద్ధార్థం. 7 అని గ్రహించే సంప్రదాయం కూడా ఉంది. ఇక్కడ ఏది గ్రాహ్యం?

2⁶ను 9తో భాగిస్తే శేషం 1. కనుక 2⁶⁴కు శేషం 2⁴ నుండి 7 వస్తుంది. ఒకటి తీసివేస్తే 6. పద్యంలోని అంకెల మొత్తం 87. దాని శేషమూ 6. ఆ రెండు పదాలలో ఒకదానిని 7గా తీసుకుంటే శేషం 0, రెండింటినీ తీసుకుంటే 3. కాబట్టి 4 అన్న అర్థమే నిలుస్తుంది.

అయితే ఈ పరీక్ష ఒక్కటే చాలదు. పద్యంలో ‘రంధ్ర’ (9), ‘వియత్’ (0) పక్కపక్కనే ఉన్నాయి. లేఖకుడు వాటిని తారుమారు చేసినా అంకెల మొత్తం మారదు. అప్పుడు 11 అక్కరకు వస్తుంది. 2¹⁰కు శేషం 1 కాబట్టి ఈ సంఖ్యకు శేషం 4 రావాలి. ఒకట్ల స్థానం నుండి బేసి స్థానాల మొత్తం 62, సరి స్థానాల మొత్తం 25. భేదం 37, శేషం 4. తారుమారైన పాఠంలో భేదం 19, శేషం 8. దోషం బయటపడుతుంది.

ముగింపు: రెండు తప్పులు పరస్పరం కప్పిపుచ్చుకోవచ్చు కనుక ఈ పరీక్షలు దోషాన్ని పట్టిస్తాయే గాని నిర్దోషత్వాన్ని రుజువు చేయవు. తుది నిర్ణయం పూర్తి గుణకారానిదే. ఛందస్సు అక్షరాల లెక్కను కాపాడుతుంది, అంకె విలువను కాదు. సమాన గణాలు గల మరొక పదం చేరితే యతిప్రాసలు చెడకుండానే సంఖ్య మారిపోవచ్చు. అందువల్ల గణితపద్యాల పరిష్కర్త ఛందస్సుతో పాటు శేషాలనూ పరిశీలించడం అవసరం.