చివరి బండి వచ్చిందా?

శనివారం రాత్రి పదింటికి ఫోను మోగుతుంది. ‘‘ఒరేయ్, రేపు అయిదింటికల్లా బయల్దేరాలి. టైర్లలో గాలి చూసుకున్నావా?’’ అంతే. వారమంతా ఆఫీసు ఫైళ్లతో, షాపు లెక్కలతో వంగిపోయిన నడుములు ఒక్కసారిగా నిటారుగా అయిపోతాయి. ఆదివారం తొమ్మిదైనా దుప్పటి వదలనివాళ్లు కోడి కూయకముందే హెల్మెట్ వెతుక్కుంటారు.

స్నేహితులంతా కలిసి బళ్లమీద ఊళ్లు తిరగడంలో ఉన్న మజా అలాంటిది. కాకపోతే, అయిదు బళ్లు వెళ్తే అయిదూ తిరిగి రావాలి. అప్పుడే అది సరదా. అందుకే, ఈ ప్రయాణాల్లో ఆరితేరినవాళ్లు ‘ఎంత స్పీడులో వెళ్లాం’ అని అడగరు. ఆగిన ప్రతిచోటా ‘చివరి బండి వచ్చిందా’ అని చూస్తారు.

హైవే వద్దు... పల్లెబాటే ముద్దు

విశాఖ కుర్రాళ్లను అడగండి. అరకు వెళ్లడానికి శృంగవరపుకోట మీదుగా తిన్నని దారి ఉండగా, పనిగట్టుకుని చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు చాలామందే కనిపిస్తారు. సబ్బవరం, చోడవరం, పాడేరు మీదుగా అరకు చేరి, అనంతగిరి ఘాట్‌లో దిగి, ఎస్.కోట మీదుగా ఇల్లు చేరడం... మొత్తం దాదాపు 270 కిలోమీటర్లు. శని, ఆదివారాలకు సరిగ్గా సరిపోతుంది.

చోడవరం చుట్టుపక్కలంతా చెరకు తోటలే. బెల్లం వండే రోజుల్లో ఆ వాసన హెల్మెట్‌లోకీ దూరుతుంది. కాస్త పక్కకు తిరిగితే మాడుగుల. గోధుమపాలు, నెయ్యి కలిపి వండే అక్కడి హల్వా పొట్లం కట్టించుకోకుండా ముందుకు కదిలేవాళ్లు తక్కువే. ఆ తర్వాత పాడేరు ఘాట్. దారిలో మోదకొండమ్మ పాదాల దగ్గర లారీ డ్రైవరైనా, బస్సు డ్రైవరైనా ఓ దండం పెట్టుకునే వెళ్తాడు. బైకులూ అంతే. అక్కడ ఆగితే అలుపూ తీరుతుంది, వెనకబడ్డవాళ్లూ వచ్చి కలుస్తారు.

పాడేరు దాటాక కొండవాలుల్లో సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ పండేది ఈ కొండల్లోనే. శీతకాలం మొదట్లో వెళ్తే వలిసె పూలు పొలాలకు పసుపు పూసినట్టు కనిపిస్తాయి.

వెనకవాడే నాయకుడు

అయిదారుగురు కలిసి వెళ్లేటప్పుడు ప్రమాదం ఎక్కడ మొదలవుతుందో తెలుసా? ముందున్నవాడి తొందరలో కాదు, వాడిని అందుకోవాలన్న వెనకవాడి ఆత్రంలో! చేతికి అలవాటులేని మలుపులో వాడూ అదే వేగంతో తిరగబోతాడు. అందుకే, దారి తెలిసినవాళ్లు ముందుంటారు, బాగా అనుభవమున్నవాళ్లు చిట్టచివర ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు ముందువాడి వెనకే చోటు. జట్టు వేగం వాళ్లదే.

ఇంకో చిన్న సూత్రం ఉంది. దారి చీలిన ప్రతిచోటా, మీ వెనక బండి కనిపించేదాకా మీరు కదలకూడదు. ఒక్కొక్కరూ తమ వెనకున్న ఒక్కరిని చూసుకుంటే చాలు, ఎవరూ తప్పిపోరు. ఏజెన్సీలో చాలాచోట్ల ఫోను సిగ్నల్ అందదు. ‘ఫోన్ చేద్దాంలే’ అనుకుంటే కుదరదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కలవాలో ఊళ్లో ఉండగానే అనుకోవాలి. పెట్రోలు కూడా ఘాట్ ఎక్కకముందే నింపుకోవాలి.

తిన్నని రోడ్డుమీద ఒకరు కాస్త కుడికి, తర్వాతివారు కాస్త ఎడమకి ఉండేలా వెళ్లాలి. ముందు బండి ఒక మైలురాయి దాటిన రెండు సెకన్ల తర్వాతే మీ బండి దాన్ని చేరాలి. మలుపుల్లో మాత్రం ఒకరి వెనక ఒకరే.

ఘాట్ చెప్పే పాఠాలు

కొండ దిగేటప్పుడు చాలామంది చేసే పని... పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపేయడం, లేదంటే న్యూట్రల్‌లో వదిలేయడం. అంతకన్నా పెద్ద పొరపాటు లేదు. గేర్లో ఉన్న ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. అది లేకపోతే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అదేపనిగా నొక్కితే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్నది పాతకాలం డ్రైవర్ల మాట. ఇరుకు దారిలో ఎదురుపడితే, ఎక్కే బండికి దిగే బండే దారి ఇవ్వాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, రోడ్డు నిబంధన కూడా.

పల్లెదారుల్లో మరికొన్ని పరీక్షలుంటాయి. కోతల కాలంలో ధాన్యం, చోళ్లు రోడ్డుమీదే ఆరబోస్తారు. వాటిమీద బ్రేకు వేస్తే బండి జారినట్టే. చెరకు ట్రాక్టర్లకు వెనక దీపం ఉంటుందన్న నమ్మకం లేదు. మేకల మందలో మొదటిది దాటిందంటే మిగతావి కూడా దాటేవే! అందుకే చీకటి పడేలోపు కొండ దిగిపోవాలి.

బండి చిన్నదైనా...

దీనికోసం లక్షలు పోసి బండి కొనక్కర్లేదు. 1955లో మద్రాసులో మొదలైన ‘బుల్లెట్’ డుగ్‌డుగ్‌ల మోజు వేరే సంగతి. 100 సీసీ బండి కూడా హాయిగా అరకు ఎక్కేస్తుంది. టైరు గాళ్లు అరిగిపోకుండా, గొలుసు బిగువుగా, బ్రేకులు బాగా ఉంటే చాలు. పంక్చర్ కిట్, అదనపు క్లచ్ కేబుల్ ఒకరి సంచిలో ఉన్నా సరిపోతుంది.

హెల్మెట్ మాత్రం ఇద్దరికీ ఉండాలి. కేంద్ర రవాణాశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలమీద వెళ్తున్నవారే. హెల్మెట్ పెట్టుకోని మృతులు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు! ‘నడిపేది నేను కాదుగా’ అనుకున్నవాళ్లన్నమాట.

దారిలో ఎవరైనా పడిపోయి కనిపిస్తే ఆగండి. సాయం చేసినవారిపై కేసు ఉండదని, పేరు చెప్పమని బలవంతం చేయకూడదని 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ, దాని కింద వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి.

అది వాళ్ల ఊరు

మనకు విహారం, వాళ్లకు నివాసం. సైలెన్సర్ మార్చి చెవులు చిల్లులు పడేలా మోగిస్తే తూగుతున్న పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. బొంగు చికెన్ తిన్నచోట ప్లాస్టిక్ సీసాలు వదిలేస్తే ఆవులు నములుతాయి. సంతకొచ్చిన గిరిజన మహిళల్ని అడగకుండా ఫొటోలు తీయడం అసలే తగదు. అదే, బండి ఆపి ‘అమ్మా, దారెటు?’ అని పలకరించి చూడండి. దారితోపాటు ముందు ఊళ్లో వాన పడుతోందో లేదో కూడా చెబుతారు.

ఆదివారం సాయంత్రం ఎస్.కోట దగ్గర టీ బడ్డీ ముందు బళ్లన్నీ ఆగుతాయి. గ్లాసులు అందుకునే ముందు ఒకరు లెక్కపెడతారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... మలుపు చివర హెడ్‌లైటు వెలుగు కనబడుతుంది. అయిదు!

ఇక టీ చెప్పొచ్చు.