శ్రవ్యప్రసారముల జాతీయపురస్కారములు – కాకువిచారము

పురాణములయందు ఆకాశవాణి యనఁగా వక్త కనఁబడని వాక్కు. కంసుని రథము నిలుచునట్లు చేసిన మాట యట్టిదే; దానినే యశరీరవాణి యనియు వ్యవహరింతురు. ఆకాశమందలి వాణి యని సప్తమీతత్పురుషముగాఁ జెప్పినను, ఆకాశముయొక్క వాణి యని షష్ఠీతత్పురుషముగాఁ జెప్పినను విగ్రహమునకు బాధ లేదు. శబ్దము ఆకాశమునకు గుణమను తార్కికమతము ననుసరించినచో రెండవ విగ్రహమే సరసతరముగాఁ దోఁచును. రేడియో తరంగములు పయనించుటకు అట్టి ద్రవ్య మక్కఱలేదని నేఁటి భౌతికశాస్త్రము తేల్చినది. అయినను పేరు చెడలేదు.

1935లో మైసూరునందు మనశ్శాస్త్రాచార్యులగు ఎం. వి. గోపాలస్వామిగారు నెలకొల్పిన చిన్న కేంద్రమునకు ఈ పేరు పెట్టిరి. తరువాత నిది దేశమందలి ప్రభుత్వప్రసారసంస్థకే పేరయ్యెను. ఆ సంస్థ 1974 నుండి తన కేంద్రములలో నిర్మింపఁబడిన ఉత్తమకార్యక్రమములకు వార్షికపురస్కారముల నిచ్చు నాచారమును నెలకొల్పినది. నాటకము, రూపకము, సంగీతరూపకము, యువవాణి మొదలగు విభాగము లందుఁ గలవు. జాతీయసమైక్యమునకు సంబంధించిన పురస్కారమునకు లస్సా కౌల్ పేరు పెట్టిరి. ఆయన శ్రీనగరు దూరదర్శన్ కేంద్రమునకు నిర్దేశకుఁడై యుండి 1990 ఫిబ్రవరి 13వ తేదిని హత్య గావింపఁబడెను. ఇతరదేశములలో నిట్టి సత్కారములు మఱికొంత ప్రాచీనములు: అమెరికాలోఁ బీబాడీ పురస్కారములు 1940లోను, ఐరోపాలోఁ బ్రీ ఇటాలియా 1948లోను ఏర్పడినవి.

ప్రసారతరంగములు ప్రజల సొత్తని 1995లో సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పినపిమ్మట వేఱొక శాఖ మొలిచినది. 2002లో విద్యాసంస్థలకును, 2006లో స్వచ్ఛందసంస్థలకును సామాజిక రేడియో నడుపుకొను ననుమతి లభించెను. 2008 అక్టోబరు 15వ తేదిని జహీరాబాదు ప్రాంతమందలి మాచ్‌నూరున దళితస్త్రీలు నడుపు సంఘం రేడియో ప్రారంభమయ్యెను. ఇట్టి కేంద్రములకు సమాచారప్రసారమంత్రిత్వశాఖ 2011–12 నుండి జాతీయపురస్కారము లేర్పఱచినది. స్థానికసంస్కృతిని బోషించుట అందొక విభాగము. 2006 నాఁటి నిబంధనలలో నొకటి మిక్కిలి గమనింపఁదగినది: కార్యక్రమములలో సగమైనను ఆ యూరివారి పాలుపంపులతోఁ దయారు కావలెను, సాధ్యమైనంతవఱకు స్థానికభాషయందును, మాండలికమునందును నుండవలెను.

ఇంతవఱకు విషయము సుగమము. ఇట్టి పురస్కారములలో నుత్తమత్వము దేనియందున్న దని యడిగినచోఁ జిక్కు వచ్చును. నాటకమునకు నాలుగభినయములు. రేడియోలో ఆంగికము లేదు, ఆహార్యము లేదు. సాత్త్వికమైనను గొంతులో వినఁబడినంతయే. మిగిలినది వాచికము. కావున నిచట న్యాయనిర్ణేతకు మొదటి ప్రమాణగ్రంథము శిక్షాశాస్త్రమే యని చెప్పిన నతిశయోక్తి కాదు. పాణినీయశిక్ష చదువరికి మాధుర్యము, అక్షరముల స్పష్టత, పదముల విఱుపు, మంచి స్వరము, ధైర్యము, లయసామర్థ్యము నను నాఱు గుణములఁ జెప్పినది. పాడుచుఁ జదువుట, వడిగాఁ జదువుట, తల యూఁచుట, వ్రాఁతను జూచి చదువుట, అర్థ మెఱుఁగకపోవుట, గొంతు సన్నగిల్లుట యను నాఱు దోషములను లెక్కించినది. వీనిలోఁ దల యూఁచుట రేడియోకు దోషము కాదు, ఎవరును జూడరు గదా! వ్రాఁతను జూచి చదువుట మాత్రము ప్రసంగకర్తల కందఱకును దప్పనిది. చదువుచున్నట్లు వినఁబడకుండుటయే వారి విద్య.

ఆ విద్యకు ప్రాణము కాకువు. కాకువనఁగా భావవశమున ధ్వని పొందు వికారము. భరతుఁడు దానిని సాకాంక్షమనియు నిరాకాంక్షమనియు రెండు విధములుగా విభజించెను. మమ్మటుఁడు ఆర్థీవ్యంజనకుఁ దోడ్పడు వానిలో వక్త, శ్రోత, కాకువు, దేశము, కాలము మొదలగువానిని బేర్కొనెను. మాట యొక్కటియే యయ్యును అర్థము తలక్రిందగుట కాకువువలననే.

దీనికి ఉదాహరణము వెదకుచు దూరము పోనక్కఱలేదు. అనంతపురము జిల్లాలో రాయదుర్గమునకుఁ జేరువ గుమ్మఘట్ట మండలము కలదు. వేదవతి యనియు హగరి యనియు రెండు పేర్లు గల యేటిపై భైరవానితిప్ప జలాశయ మచటనే యున్నది. ఎల్ల దాఁటినఁ గన్నడదేశము. జిల్లా సగటు వర్షపాతము ఏఁటికి సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుసెనగ యచటి ముఖ్యమగు మెట్టపైరు. అట్టిచోట జూలైమాసమున నొక రైతు మబ్బును జూచి “వచ్చిందిలే వాన!” యన్నాఁ డనుకొందము. ‘లే’ యను నక్షరము నొక్కి సాగఁదీసినచో వాన రాలేదనియే యర్థము. ఏడుపును నవ్వును గూడ నందే యున్నవి. దీనిని వేఱొక భాషలోనికి యథాతథముగా మార్చి కాగితముపైఁ బెట్టినచో ‘వాన వచ్చినది’ యని తేలును. కఱవు సీమకు వాన గురిసినట్లయినది. కార్యక్రమము మాత్ర మెండిపోయినది.

పదములును దక్కువ చిక్కువి కావు. ‘అదను’ విత్తుటకుఁ దగిన కాలము. ‘పదను’ విత్తుటకుఁ జాలిన నేలతడి. వాన కురిసినంతమాత్రమునఁ బదను గాదు. పదనైనను అదను దప్పిన ఫలము లేదు. ఈ రెండు మాటల నడుమనే యచటి రైతు బ్రదుకు ఊఁగులాడును. కడపకేంద్రము 1963లో నేర్పడినది. అనంతపురమునకును వేఱు కేంద్రము కలదు. ఆ కేంద్రముల వ్యవసాయప్రసంగములలో నీ మాటలు వచ్చినపుడు గుమ్మఘట్టలో వివరణ మెవ్వరికి నక్కఱలేదు. దేశమందలి భాషల నన్నిటి నొక్క పీఠముపైఁ బోల్చువారికి మాత్రము వివరణము లేనిదే యవి శూన్యపదములు.

న్యాయనిర్ణేతలు సర్వభాషాభిజ్ఞులు కాఁజాలరు; అనువాదము నాశ్రయింపక వారికిఁ దప్పదు. అది వారి దోషము కాదు. అయినను దానివలన వచ్చు ఫలము చూడుఁడు: అనువాదమున నిలువఁగలవి కథావస్తువు, ప్రయోజనము, సమాచారము. నిలువనివి కాకువు, యతి, మాండలికము. కావున మాండలికమును గోరు నిబంధన కేంద్రమును యూరివైపునకు లాగుచుండఁగా, బహుమానాపేక్ష దానిని సులభముగా ననువదింపఁదగిన చప్పిడి భాషవైపునకు లాగును. సంగీతరూపకమున కీ బాధ కొంత తక్కువ, రాగమునకు అనువాద మక్కఱలేదు గనుక. నాటకమునకును, గ్రామీణ కార్యక్రమములకును బాధ యెక్కువ.

విషయమే ప్రధానము, కంఠధ్వని కేవలము సొగసు మాత్రమే యని కొందఱు వాదింపవచ్చును. వారికిఁ దంజావూరు సమాధానము చెప్పఁగలదు. 1960ల నడుమ నచట ఏ.డి.టి. 27 అను వరివంగడమును రేడియో ప్రసంగములు ప్రచారమునకుఁ దెచ్చినవి. రైతులు దానిని ‘రేడియో వరి’ యనియే పిలిచిరి. విత్తనపు గుణములు కరపత్రములోనుఁ బ్రకటింపవచ్చును. విన్న కంఠమును నమ్మనిచో నా పేరు పుట్టదు.

చేయఁదగినది పెద్దపని కాదు. ప్రతి కార్యక్రమమును దుదిసారి పరిశీలించునపుడు ఆ సీమభాష పుట్టుకతో వచ్చిన వాఁ డొకఁడు న్యాయనిర్ణేతలతోఁ గూర్చుండవలెను. వారు మొదట కాగితము చూడక ధ్వనిని వినవలెను. అనువాదమునఁ గాకుస్థలముల కెదుట ‘ఇచట నెత్తిపొడుపు’, ‘ఇచట నిరాశ’ యని యంచున గుర్తు వేయవలెను. వేదపాఠమున ననుదాత్తస్వరితములకు గీఁతలు గీయు దేశమున కిది క్రొత్త విద్య కాదు.