తల్లి చేసే వ్యాపారం – ఇంటిల్లిపాదీ మోయవలసిన బాధ్యత

రమజాన్ మాసానికి ఇంకా రెండు నెలల గడువు ఉండగానే మన మొహల్లాలలో కుట్టుమిషన్ల చప్పుడు పెరుగుతుంది. ఒక ఇంట బురఖాలు, ఇంకొక ఇంట పిల్లల పండుగ దుస్తులు, మరొక ఇంట పచ్చళ్ళు, అప్పడాలు, సేమియాలు సిద్ధమవుతుంటాయి. హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ ప్రక్కనున్న లాడ్ బజారుకు చేరే లక్క గాజులలో ఎన్నో ఇరుకు ఇండ్లలోనే రూపు దిద్దుకుంటాయి. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ గాజులపై ఒక్కొక్క రాయినీ పొదిగే చేతులలో తల్లుల చేతులు అనేకం. ఈ స్త్రీలలో చాలామంది ఒడిలో పాలు తాగే పసిబిడ్డో, చెంత ఇంకా బడి ఈడు రాని బిడ్డో ఉంటారు. ఒక చేత్తో బిడ్డను, మరొక చేత్తో బేరాన్ని సంబాళించుకునే ఈ సోదరీమణుల గురించి నాలుగు మాటలు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అనుమతి గురించిన ప్రశ్న

ముస్లిం స్త్రీ వ్యాపారం చేయవచ్చునా అని కొందరు నేటికీ అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు సమాధానం పధ్నాలుగు శతాబ్దాల క్రితమే లభించింది. హజ్రత్ ఖదీజా (రజి) మక్కా నగరంలో పేరెన్నికగన్న వర్తకురాలు. దైవప్రవక్త ముహమ్మద్ (స)తో వివాహానికి మునుపే ఆమె వైధవ్యాన్ని చవిచూసిన మహిళ, పూర్వ వివాహాల ద్వారా సంతానం కలిగిన తల్లి. ఆమె బిడారుల వెంట స్వయంగా సిరియా వెళ్ళలేదు. నమ్మకస్తులైన వారికి తన సరుకును అప్పగించి, వారి శ్రమకు తగిన ప్రతిఫలం ముట్టజెప్పేవారు. ఆ విధంగానే దైవప్రవక్త (స) ఆమె సరుకుతో సిరియాకు ప్రయాణమయ్యారు.

పురుషులు సంపాదించినదానిలో పురుషులకు భాగమున్నట్లే స్త్రీలు సంపాదించినదానిలో స్త్రీలకు భాగముందని దివ్యఖుర్‌ఆన్ అన్నిసా అధ్యాయం 32వ వచనం స్పష్టం చేస్తున్నది. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) స్వహస్తాలతో పనిచేసి, వచ్చినదానిని దానం చేసేవారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) సతీమణి తన భర్తపైన, తన సంరక్షణలో ఉన్న అనాథలపైన ఖర్చు పెట్టడం దానమవుతుందా అని విచారించినప్పుడు, ఆమెకు రెండు ప్రతిఫలాలు లభిస్తాయన్న శుభవార్త అందింది: ఒకటి బంధుత్వానికి, రెండవది దానానికి.

కాబట్టి పర్దా మర్యాదలను, హలాల్ హరామ్ హద్దులను పాటిస్తూ తల్లి వ్యాపారం చేయడం గురించి సంశయానికి తావు లేదు. మనం నిజంగా వేసుకోవలసిన ప్రశ్న వేరు. ఆ వ్యాపారం ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు?

కనిపించని ఖరీదు

మేము ఏళ్ళ తరబడి మదర్సాలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాము. షాబాన్ మాసం ప్రవేశించగానే ఆడపిల్లల హాజరు పట్టీలో ఖాళీలు కనిపించడం మాకు అలవాటైపోయింది. విచారిస్తే వచ్చే జవాబు దాదాపు ఒక్కటే. ఇంట్లో అమ్మీకి కుట్టుపని ఎక్కువైంది, చంటి తమ్ముడిని ఎత్తుకునేవారు లేరు. తొమ్మిది, పదేళ్ళ పిల్ల ఆ నెలంతా తల్లి స్థానంలో నిలుస్తుంది. అదే ఇంట పన్నెండేళ్ళ అన్న మాత్రం క్రమం తప్పక మదర్సాకు వస్తాడు, సాయంత్రం క్రికెట్ ఆటకూ వెళ్తాడు. ఆ తల్లి తన కూతురికి అన్యాయం చేయాలని కోరుకోదు. ఆమెకు వేరే చేయి అందడం లేదు.

రెండవ ఖరీదు తల్లి నిద్ర. పగలంతా వంట, పిల్లలు, అత్తమామల సేవ. ఇల్లు సద్దుమణిగిన తరువాత పదకొండు గంటలకు మిషన్ ముందు కూర్చునే స్త్రీలు మన బస్తీలలో ఎందరో ఉన్నారు. తెల్లవారుజామున ఫజ్ర్‌కు లేవవలసిన శరీరం అది. ఇటువంటి ఇంట చేతికి వచ్చే డబ్బు లాభంగానే కనిపిస్తుంది. తల్లి ఆరోగ్యం, కూతురి చదువు కరగగా వచ్చిన సొమ్మును లాభమని ఎలా పిలవగలం?

పోషణ భారం ఎవరిది?

భార్యాబిడ్డల తిండి, బట్ట, నివాసం సమకూర్చడం భర్త బాధ్యత. భార్య సంపాదిస్తున్నదన్న కారణంగా ఈ బాధ్యత రద్దు కాదు. ఆమె ఆర్జన ఆమె సొత్తు. ఇష్టపూర్వకంగా ఇంటికి ఖర్చు పెడితే అది ఆమె ఔదార్యం. భర్త గాని, అత్తమామలు గాని దానిని హక్కుగా అడగరాదు. మిషన్ మీద వచ్చిన డబ్బు ఆమె చేతిలో పడకముందే ఇంటి అద్దెకో, మరిది బండి వాయిదాకో వెళ్ళిపోవడం మనం చూస్తూనే ఉన్నాము. ఆమె సమ్మతి లేకుండా తీసుకున్న సొమ్ము ధర్మసమ్మతం కాదు.

అవసరం వల్లనో, ఇష్టం వల్లనో తల్లి వ్యాపారానికి పూనుకున్నప్పుడు ఇంటి పని కూడా పంచబడాలి. దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని ప్రశ్నించినప్పుడు, ఆయన ఇంటివారి పనులలో నిమగ్నులై ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. ఆయన తమ చెప్పులు తామే బాగుచేసుకునేవారు, తమ దుస్తులు తామే కుట్టుకునేవారు. ఆ ఆదర్శాన్ని మింబరుపై నుండి విని తలలూపే మనం, ఇంటికి వచ్చి ఒక గ్లాసు నీళ్ళు కూడా స్వయంగా తీసుకోకపోతే ఆ వినడం వల్ల ప్రయోజనమేమిటి?

బిడ్డకు పాలు మాన్పించే విషయంలో సైతం తల్లిదండ్రులిరువురూ పరస్పర సమ్మతితో, సంప్రదింపుతో నిర్ణయించుకోవాలని అల్‌బఖరా అధ్యాయం 233వ వచనం బోధిస్తున్నది. బిడ్డ కారణంగా తల్లిని కష్టపెట్టరాదని కూడా అదే వచనం హెచ్చరిస్తున్నది. పాలు మాన్పించడానికే సంప్రదింపు అవసరమైతే, ఇంటి దినచర్యనంతటినీ మార్చివేసే వ్యాపారానికి ఎంత సంప్రదింపు కావాలి! మిషన్ కొనకముందే దంపతులు కూర్చొని మాట్లాడుకోవాలి. ఆమె పనివేళలో బిడ్డను ఎవరు చూస్తారు? సామాను ఎవరు తెస్తారు? కొడుకు ఏ పని చేస్తాడు, కూతురు ఏ పని చేస్తుంది? పనులు కొడుకు, కూతుళ్ళ మధ్య సమంగా పంచాలి. మదర్సా వేళ, బడి వేళ ఎవరి పనికీ బలి కాకూడదు.

పసిబిడ్డ హక్కు

పూర్తి కాలం పాలివ్వదలచిన తల్లులకు రెండేళ్ళ గడువును ఆ వచనమే పేర్కొన్నది. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని, ఆ తరువాత ఇతర ఆహారంతోపాటు రెండేళ్ళు, ఆ పైన కూడా కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచిస్తున్నది. కాబట్టి మొదటి ఆరు నెలలు వ్యాపారం మందగించడం నష్టమని భావించవద్దు. కొత్త ఆర్డర్లు తగ్గించుకొని, పాత ఖాతాదారులను నిలుపుకుంటే చాలు.

దైవప్రవక్త (స) నమాజు చేయిస్తుండగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందో గ్రహించి నమాజును క్లుప్తం చేసేవారు. బిడ్డ ఏడుపు విని సామూహిక నమాజే క్లుప్తమైనప్పుడు, ఒక జాకెట్టు మరునాటికి వాయిదా పడితే వచ్చే ప్రమాదమేమీ లేదు.

పని చేసే చోటు గురించి కూడా జాగ్రత్త అవసరం. లక్కను నిప్పుల మీద కరిగించేచోట, పచ్చళ్ళకు నూనె కాచేచోట ప్రాకే బిడ్డ ఉండరాదు. సూదులు, కత్తెరలు, గుండీలు, గాజురాళ్ళు బిడ్డ చేతికందని ఎత్తులో ఉంచాలి. ఒకే గది ఇల్లయితే నిప్పుతో చేసే పనికి బిడ్డను మరొకరు బయట ఎత్తుకునే వేళనే ఎంచుకోవాలి.

లెక్క, మాట, అప్పు

ఒక తల్లి పది బురఖాలు కుట్టి 3000 రూపాయలు తీసుకున్నదనుకుందాం. దారం, గుండీలు, లేసు, కరెంటు, ఆటో ఖర్చులు కలిపి 900 అయినాయి. మిగిలినవి 2100. ఆ పనికి 60 గంటలు పట్టి ఉంటే ఆమె గంట శ్రమ విలువ 35 రూపాయలు. లెక్క వ్రాసుకోనంత కాలం ఆమెకు 3000 కనిపిస్తాయే గాని, ఆ 35 కనిపించవు. వ్రాసుకున్ననాడు ధర పెంచాలో, పని తగ్గించాలో, సహాయకురాలిని పెట్టుకోవాలో ఆమెకే తెలుస్తుంది. వ్యాపారం డబ్బుకు ఒక సంచి, ఇంటి డబ్బుకు ఒక సంచి వేరుగా ఉండాలి.

అరువు ఇచ్చినా, తెచ్చినా వ్రాసిపెట్టుకోవాలన్నది అల్‌బఖరా 282వ వచనం ఆదేశం. చిన్న మొత్తమైనా వ్రాయడానికి విసుగు చెందవద్దని కూడా అందులోనే ఉంది. ఎదురింటి ఆపాకు ఇచ్చిన రెండు వందల అరువైనా సరే, వ్రాస్తే స్నేహం నిలుస్తుంది.

చేయగలిగినంత పనికే మాట ఇవ్వాలి. చాంద్ రాత్ నాటికి ఇస్తామని ముప్పై జతలు ఒప్పుకొని, ఇరవై మాత్రమే కుట్టగలిగితే పదిమందికి వాగ్దానభంగం జరుగుతుంది. ఆ ఒత్తిడి కోపమంతా ఇంట్లో పసిపిల్లల మీద విరుగుతుంది.

వడ్డీ అప్పు జోలికి పోవద్దు. వారం వారం వాయిదాల సూక్ష్మ రుణాలు ఎన్నో పేద కుటుంబాలను ఎంత క్షోభకు గురిచేశాయో మన ప్రాంతం కళ్ళారా చూసింది. 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సంస్థల వసూళ్ళను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తీసుకురావలసి వచ్చింది. వేలంపాట, తగ్గింపు లేకుండా, అందరూ సమానంగా వేసి వంతులవారీగా పూర్తి మొత్తం తీసుకునే చిట్టీ, బంధువుల వడ్డీలేని అప్పు, లాభంలో భాగస్వామ్యం వంటి మార్గాలు మనకున్నాయి. చిన్న పరిశ్రమల ఉద్యమ్ నమోదు ఉచితం, అందుకు ఏ దళారికీ రుసుము ఇవ్వనక్కరలేదు. పచ్చళ్ళు, తినుబండారాలు అమ్మేవారికి ఆహార భద్రతా సంస్థ నమోదు తప్పనిసరి.

జకాత్ లెక్కను కూడా మరువరాదు. కుట్టుమిషన్, పనిముట్లపై జకాత్ లేదు. చేతిలోని డబ్బు, అమ్మకానికి ఉంచిన సరుకు, రావలసిన బాకీలు కలిపి, తీర్చవలసిన అప్పులు తీసివేయగా మిగిలినది సుమారు 612 గ్రాముల వెండి విలువకు చేరి, చాంద్రమాన సంవత్సరం పూర్తయితే రెండున్నర శాతం చెల్లించాలి. ఆ సొమ్ము ఆమెది గనుక ఆ బాధ్యతా ఆమెదే.

సోదరులకు ఒక మాట

సోదరీమణులకు చెప్పవలసినవి ఇవి. అయితే ఈ వ్యాసాన్ని ఇంట్లోని పురుషులు కూడా చదవాలని మా కోరిక. మస్జిద్ కమిటీల పెద్దలు తలచుకుంటే షాబాన్, రమజాన్ నెలలలో అస్ర్ నుండి మగ్రిబ్ వరకు చిన్నపిల్లలను కూర్చోబెట్టి చూసుకునే ఏర్పాటు చేయడం కష్టమేమీ కాదు. ఇంటింటా తండ్రి రోజుకు ఒక గంట బిడ్డను ఎత్తుకుంటే, కొడుకు గిన్నెలు కడిగితే, ఒక తల్లికి నిద్ర దక్కుతుంది, ఒక ఆడపిల్ల పేరు హాజరు పట్టీలో నిలుస్తుంది. ఆ ఇంటి ఆదాయంలో బర్కత్ ఉండాలని దుఆ చేసేవారు, ముందు ఆ ఇంటి పనిలో తమ వంతు పూర్తి చేయాలి. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.